ముగ్గు వేసేటప్పుడు రాని నొప్పి: నడుము స్టెనోసిస్‌తో నా ఇరవై ఒక్క నెలలు

2024 ఫిబ్రవరి 16, రథసప్తమి. ముందురోజు సాయంత్రమే విజయనగరంలో బయలుదేరి అరసవల్లి చేరుకుని, అర్ధరాత్రి దాటాక దర్శనం వరుసలో నిలబడ్డాం. అప్పటికి నాకు 66 ఏళ్లు. ముప్పావుగంట నిలబడేసరికి నడుము దిగువ నుంచి మొదలై రెండు పిర్రలు, తొడల వెనుక భాగం, పిక్కలు వరసగా బరువెక్కి, తడిసిన గోనెసంచులు కాళ్లకు కట్టినట్టయింది. దాన్ని నొప్పి అనడానికి కూడా లేదు, కాళ్లు నావి కానట్టుంది. ముందున్న ఇనుప కమ్మీ మీద మోచేతులు ఆనించి వంగాను. రెండు నిమిషాల్లో బరువు దిగిపోయింది. నిటారుగా నిలబడ్డాను, మళ్లీ వచ్చింది. ఆరోగ్యమిచ్చే దేవుడని పేరున్న సూర్యనారాయణస్వామి వరుసలోనే వెన్నులో నరాలు దిగే కాలువ ఇరుకయ్యే ఈ జబ్బు తన లక్షణమంతా విప్పి చూపించింది గాని, దాన్ని చదువుకునే తెలివి నాకు లేకపోయింది. అది తెలిసేసరికి తొమ్మిది నెలలు గడిచాయి, నలుగురు డాక్టర్లను చూడవలసి వచ్చింది.

నేను ప్రభుత్వ ఉన్నత పాఠశాలల్లో ముప్పై మూడేళ్లు లెక్కలు చెప్పి రిటైరయ్యాను. నల్లబల్ల ముందు బతికిన వాళ్లందరికీ నడుము నొప్పి ఉండేదే కనుక ఇంట్లో ఎవరికీ చెప్పలేదు. బజారులో కాళ్లు బరువెక్కితే చెప్పు సరిచేసుకుంటున్నట్టు వంగేదాన్ని. కూరల బండి కనిపిస్తే అవసరం లేకపోయినా వంకాయలు ఏరుతూ కాసేపు వంగి నిలబడేదాన్ని. ఈమధ్య రోజూ వంకాయేనా అని మావారు విసుక్కునే దాకా వచ్చింది. చివరికి పట్టుకున్నది మా పనిమనిషి. "ఏటి టీచరమ్మా, నాలుగడుగులేసి ఆగిపోతన్నారు?" అని వీధిలో అందరి ముందూ అడిగేసింది. ఆ రోజు చాలా చిన్నతనంగా అనిపించింది. ఆ రాత్రే ఒక నోటుపుస్తకం తీసి, ఆగకుండా ఎన్ని అడుగులు వేయగలనో రాయడం మొదలుపెట్టాను. మొదటి అంకె 620.

మార్చి 11న మా ఊళ్లోనే ఒక ఎముకల వైద్యుణ్ణి చూశాను. కాళ్లు అనగానే మోకాళ్లకు ఎక్స్‌రే తీయించారు. అరవై దాటిన మోకాలికి ఫోటో తీస్తే అరుగుదల కనిపించకపోతే ఆశ్చర్యపోవాలి. కనిపించింది. నొప్పి మాత్రలు రాసి, ఏప్రిల్‌లో రెండు మోకాళ్లలోనూ జెల్ ఇంజక్షన్లు వేశారు. అవి 14,000 రూపాయలు. మోకాళ్లు కాస్త తేలికపడ్డాయేమో చెప్పలేను గాని, జూన్ నాటికి నా పుస్తకంలో అంకె 400కు దిగింది.

ఆ నొప్పి మాత్రల గురించి ఒక మాట చెప్పాలి. మా పుట్టిల్లు శ్రీకాకుళం జిల్లా ఉద్దానంలోని కవిటి. కొబ్బరితోటల మధ్య ఎంతమంది కిడ్నీలు పోయి డయాలసిస్‌కు తిరిగారో చూస్తూ పెరిగిన కుటుంబం మాది. అయినా మూడు నెలలకు పైగా రోజుకు రెండు చొప్పున ఆ మాత్రలు మింగాను. జులైలో షుగరు పరీక్షతో పాటు చేయించిన రక్తపరీక్షలో, కిడ్నీల పనితీరు చెప్పే క్రియాటినిన్ అంతకుముందున్న 1.0 నుంచి 1.5కు పెరిగింది. ఆ కాగితం చూసిన క్షణం నడుమూ కాళ్లూ అన్నీ మరిచిపోయాను. అదే రోజు మాత్రలు మానేశాను, రెండు నెలలకు 1.1కు వచ్చింది. పెద్దవయసులో, అందులోనూ షుగరు ఉన్నవారు ఈ రకం మాత్రలు వారాల తరబడి వాడేముందు క్రియాటినిన్ చూసుకోవాలని నాకు ముందు చెప్పినవారు లేరు. అడగనందుకు నాదీ తప్పే.

ఆగస్టులో చూసిన రెండో వైద్యుడు, షుగరు వల్ల నరాలు దెబ్బతిన్నాయని పది బి12 ఇంజక్షన్లు రాశారు. షుగరు తిమ్మిరి నాకు కొంచెం ఉన్న మాట నిజమే, కాని అది రాత్రి పడుకున్నప్పుడు అరికాళ్లలో ఉంటుంది. కూర్చుంటే పోయి నిలబడితే వచ్చేది కాదు. ఈ తేడా నేను చెప్పలేదు, ఆయన అడగలేదు. మూడో ఆయన సిరల ఉబ్బు అనుకుని, కాళ్ల రక్తనాళాలు చూసే డాప్లర్ స్కాన్ తీయించారు. అందులో ఏమీ లేదు.

నవంబరు 20న శ్రీకాకుళంలో మా చెల్లెలి ఇంటికి వెళ్లినప్పుడు, ఆమె బలవంతం మీద నాలుగో వైద్యుడి దగ్గరకు వెళ్లాను. టోకెన్ 43, మూడు గంటలు కూర్చున్నాం. కూర్చోవడమే నాకు సుఖం కనుక ఆ నిరీక్షణ కష్టమనిపించలేదు. ఆయన ఎక్కడ నొప్పి అని మొదలుపెట్టలేదు.

"ఎప్పుడు హాయిగా ఉంటుందమ్మా మీకు?" అని అడిగారు.

నవ్వుతారేమోనని సందేహిస్తూనే, పొద్దున్నే వాకిట్లో వంగి ముగ్గు వేస్తున్నంతసేపూ ఏమీ ఉండదని, లోపలికొచ్చి స్టవ్ ముందు పది నిమిషాలు నిలబడితే కాళ్లు మోయవని చెప్పాను. ఆయన కలం కింద పెట్టేశారు. మెట్లు ఎక్కడం కష్టమా, దిగడమా అన్నారు. దిగడమే అన్నాను. నడిచి నడిచి కాళ్లు బరువెక్కినప్పుడు ఊరికే నిలబడితే తగ్గుతుందా, కూర్చుంటేనే తగ్గుతుందా అన్నారు. కూర్చోవాలి, లేదా వంగాలి అన్నాను. రెండు పాదాల మీదా వేళ్లు పెట్టి నాడి చూశారు. రక్తనాళాలు మూసుకుపోయి వచ్చే కాళ్లనొప్పి అయితే ఆగి నిలబడినా తగ్గుతుందట, వంగాలన్న పట్టింపు దానికి ఉండదట. తరవాత నన్ను గోడ పక్కన నిలబెట్టి, నడుము కొంచెం వెనక్కి వంచి అర నిమిషం ఉండమన్నారు. ఇరవై అంకెలు లెక్కపెట్టేలోగా అరసవల్లి గోనెసంచులు వచ్చి కాళ్లకు వేలాడాయి. తొమ్మిది నెలల్లో ఒక వైద్యుడి కళ్లెదుట అది రావడం అదే మొదటిసారి. ఎందుకో కళ్లలో నీళ్లు తిరిగాయి.

నా పక్కన నిలబడిన మా చెల్లెలి చీర కుచ్చిళ్లు చూపించి ఆయన విషయం చెప్పారు. వెన్నుపూసల మధ్య నరాలు దిగే కాలువ ఒకటి ఉంటుంది. వయసుతో డిస్కు ఉబ్బి, వెనకనున్న కీళ్లు మొద్దుగా పెరిగి, పూసలను కలిపే పొర మందమెక్కి ఆ కాలువ ఇరుకవుతుంది. నిటారుగా నిలబడితే ఆ మందపాటి పొర కుచ్చిళ్లలా ముడతపడి లోపలికి తోసుకొచ్చి నరాలను నొక్కుతుంది. ముందుకు వంగితే కుచ్చిళ్లు సాగి నరాలకు చోటు దొరుకుతుంది. దాన్ని లంబార్ స్పైనల్ స్టెనోసిస్ అంటారని చెప్పి, ఎం.ఆర్.ఐ. రాశారు. "జబ్బు ఏమిటో మీరే చెప్పేశారు, అది ఎక్కడుందో, ఎంతుందో చూడటానికే ఈ ఫోటో," అన్నారు.

ఎం.ఆర్.ఐ. నవంబరు 22న విజయనగరంలో చేయించుకున్నాను, 6,500 రూపాయలు. ఉద్యోగుల ఆరోగ్య పథకం కార్డు ఉంది గాని, ఆసుపత్రిలో చేరకుండా చేయించుకునే పరీక్షకు అది పనికిరాదని కౌంటరులో చెప్పారు. ఒంటి మీద లోహం ఏదీ ఉండకూడదంటారు కనుక, మంగళసూత్రాలు తీసి పసుపుతాడుకు పసుపుకొమ్ము కట్టుకుని వెళ్లాను. ఆ జాగ్రత్త తెలిసింది, మట్టెల సంగతి తోచలేదు. నలభై ఏళ్లుగా వేళ్లలో కూరుకుపోయిన మట్టెలు రాకపోతే, అక్కడి ఆయమ్మ సబ్బునీళ్లు తెచ్చి ఒక్కొక్కటే మెలితిప్పి లాగింది. పరీక్ష కన్నా ముందు జరిగిన ఆపరేషన్ అదే. వెళ్లేవారు ఇంటి దగ్గరే తీసుకుని వెళ్లడం మంచిది.

యంత్రంలో వెల్లకిలా, కాళ్లు చాపి పడుకోమంటారు. ఈ జబ్బుకు సరిగ్గా పడనిది ఆ భంగిమే. ఐదు నిమిషాలకే కాళ్లు మొద్దుబారుతుంటే చేతిలో పెట్టిన బంతి నొక్కి ఆపించాను. ఆ కుర్రవాడు విసుక్కోకుండా మోకాళ్ల కింద ఎత్తుగా స్పాంజి దిమ్మ పెట్టాడు. ముందే అడిగితే ముందే పెట్టేవాడినన్నాడు. తరవాత ఇరవై ఐదు నిమిషాలు, పిండిమరలో తల పెట్టినట్టున్న ఆ చప్పుడులో, పదిహేడో ఎక్కం నుంచి ఇరవై మూడో ఎక్కం దాకా చదువుకున్నాను.

రిపోర్టు మర్నాడు వచ్చింది. నాలుగు, ఐదు నడుము పూసల మధ్య తీవ్రమైన ఇరుకు, మూడు, నాలుగు మధ్య ఒక మోస్తరు ఇరుకు, నాలుగో పూస ఐదో దాని మీద కొంచెం ముందుకు జారడం. హైదరాబాదులో ఉన్న మా అబ్బాయి 'తీవ్రమైన' అన్న మాట దగ్గరే ఆగిపోయి, ఆ రాత్రే విశాఖలో ఒక పెద్ద ఆసుపత్రికి డిసెంబరు 2న సమయం తీసుకున్నాడు.

ఆ ఆసుపత్రిలో సర్జన్ నన్ను చూసింది ఆరు నిమిషాలు. నా కాళ్లను తాకలేదు, తెర మీద ఫోటోలు చూశారు. రెండు చోట్ల కాలువ వెడల్పు చేసి స్క్రూలు బిగించాలన్నారు. తరవాత వేరే గదిలో ఒక అమ్మాయి 3,40,000 రూపాయల అంచనా కాగితం చేతికిచ్చి, ఈ వారంలో చేయించుకోకపోతే మంచాన పడతారు మేడమ్ అంది. మంచాన పడటమన్న మాటకు నా వయసు ఆడవాళ్లు ఎంత భయపడతారో ఆ పిల్లకు ఎవరో బాగానే నేర్పినట్టున్నారు. ఈ వారం కాక వచ్చే నెల చేయించుకుంటే ఏమి మారుతుందని అడిగాను. అది డాక్టరుగారినే అడగాలంది. డాక్టరుగారు అప్పటికే ఆపరేషన్ థియేటరుకు వెళ్లిపోయారు. ముందుగా కొంత సొమ్ము కట్టడానికి మావారు చెక్కుబుక్కు తీస్తుంటే, లెక్కలో ఒక మెట్టు తప్పిపోయిందని అనిపించి ఆయన చెయ్యి పట్టుకుని ఆపాను. తిరుగు రైలులో ఇద్దరం మాట్లాడుకోలేదు. తొందరపడి తప్పు చేశానేమోనన్న భయం రెండు వారాలు నన్ను నిద్రపోనివ్వలేదు.

డిసెంబరు 16, ధనుర్మాసం వచ్చిన రోజు, విశాఖలోనే మరో న్యూరోసర్జన్‌ను చూశాం. రెండున్నర గంటలు వేచి ఉన్నాం, ఫీజు 800. మడమల మీద నడిపించారు, మునివేళ్ల మీద నడిపించారు, కాలి బొటనవేలిని తన వేలితో కిందికి నొక్కుతూ పైకి లేపమన్నారు, చీలమండ మీద చిన్న సుత్తితో కొట్టి చూశారు. మూత్రం ఆగిపోవడం గాని, తెలియకుండా పడిపోవడం గాని ఉందా అని, కూర్చునేచోట, తొడల లోపలి వైపు స్పర్శ తెలుస్తోందా అని అడిగారు. ముందుకు వంగి ఒకటి, వెనక్కి వంగి ఒకటి ఎక్స్‌రేలు తీయించి, జారిన పూస స్థిరంగానే ఉందని, కదలడం లేదని చూపించారు. అప్పుడు చెప్పారు: ఇలాంటి ఫోటోలు ఉండి కూడా హాయిగా తిరిగేవాళ్లున్నారు, ఫోటోకు ఆపరేషన్ చేయరు, మనిషికి చేస్తారు. కాళ్లలో బలం తగ్గలేదు, మూత్రానికి ఇబ్బంది లేదు కనుక తొందరేమీ లేదు. కొందరికి ఏళ్ల తరబడి ఇలాగే ఉంటుంది, కొందరికి కాస్త మెరుగవుతుంది, కొందరికి ముదురుతుంది. మూడు నెలలు ఫిజియోథెరపీ చేసి చూద్దాం. ఎప్పుడైనా చేయవలసి వచ్చినా, పూస కదలడం లేదు కనుక స్క్రూల అవసరం లేకుండా కాలువ వెడల్పు చేస్తే సరిపోవచ్చు.

మూత్రం బిగదీయడం, కూర్చునేచోట మొద్దుబారడం, పాదం లేవక చెప్పు జారిపోవడం, ఈ మూడింటిలో ఏది వచ్చినా అపాయింట్‌మెంటు కోసం చూడకుండా అదే పూట ఎమర్జెన్సీకి రావాలని కూడా చెప్పారు. ఆ మూడూ కాగితం మీద రాసి ఫ్రిజ్ తలుపుకు అతికించాం. ఇప్పటికీ అక్కడే ఉంది.

నరాల నొప్పికని ఆయన రాసిన ప్రెగాబలిన్ నాకు పడలేదు. మూడో రాత్రి బాత్రూముకు లేచి తూలి తలుపు చట్రానికి నుదురు కొట్టుకున్నాను. ఫోనులో చెబితే ఆపేయమన్నారు. పడిపోయి తుంటి విరగడం కన్నా ఈ నొప్పే నయమన్నది ఆయన మాట.

2025 జనవరి 6న ఫిజియోథెరపీ మొదలైంది, పూటకు 300 రూపాయలు, వారానికి రెండు పూటలు, మొత్తం 24. మోకాళ్లు రెండూ గుండెలకు హత్తుకుని పడుకోవడం, పొట్ట బిగించి నడుమును నేలకు ఆనించడం, తుంటి కండరాలకు బలమిచ్చే కసరత్తులు, కదలని సైకిలు మీద పది నిమిషాలతో మొదలుపెట్టి ఇరవై నిమిషాలు. సైకిలు మీద ముందుకు వాలి కూర్చుంటాం కనుక కాళ్లు ఎంత తొక్కినా బరువెక్కవు. అంతవరకూ నడవలేక మూలన కూర్చున్న నాకు, చెమట పట్టేదాకా కాళ్లు ఆడించగలగడం ఎంత ధైర్యమిచ్చిందో చెప్పలేను. అంతకుముందే 900 పెట్టి కొన్న నడుము బెల్టును అలమరలో పెట్టించింది కూడా ఆ ఫిజియో అమ్మాయే. ప్రయాణంలో తప్ప వాడితే కండరాలు సోమరివవుతాయంది.

నెల దాటినా అంకె 180 దగ్గరే ఆడుతుండటంతో ఫిబ్రవరి 13న వెన్నులో స్టెరాయిడ్ ఇంజక్షన్ చేయించుకున్నాను. ఉదయం వెళ్లి సాయంత్రానికి ఇంటికి వచ్చేశాం, 18,000 అయింది. రక్తం పలచబడే మాత్రలు వాడుతున్నానా అని రెండుసార్లు అడిగారు. బోర్లా పడుకోబెట్టి, పొట్ట కింద దిండు పెట్టి, ఎక్స్‌రే తెర మీద చూస్తూ సూది వేశారు. పట్టింది పావుగంట. ఒక్క క్షణం ఎడమ కాలిలోకి కరెంటు కొట్టినట్టయింది, అంతే. నన్ను కంగారు పెట్టింది మాత్రం షుగరు. మర్నాడు పరగడుపున 268 చూపించింది, తగ్గి మామూలుకు రావడానికి ఐదు రోజులు పట్టింది. నా షుగరు వైద్యుడికి ముందే చెప్పి ఉంటే ఆ ఐదు రోజులకూ మందు సర్దేవారు. ఇంజక్షన్ గుణం ఏడు వారాలు ఉంది. అది జబ్బును నయం చేయదని ముందే చెప్పారు, చేయలేదు కూడా. కాని ఆ ఏడు వారాల్లో నొప్పి లేకుండా కసరత్తులు చేసుకోగలిగాను, నాకు దక్కిన లాభం అది. మార్చి నెలాఖరుకు 390.

ఇంట్లో చేసిన మార్పులు చిన్నవే. స్టవ్ కింద ముక్కాలిపీట ఒకటి వేసుకుని, దాని మీద ఒక కాలు, కాసేపటికి ఇంకో కాలు పెట్టి నిలబడతాను. ఒక కాలు ఎత్తున ఉంటే నడుములోని వంపు తగ్గుతుంది. పది నిమిషాలకు కూలబడే నేను పీట పుణ్యమా అని పప్పు, కూర రెండూ దింపే దాకా నిలబడుతున్నాను. రాత్రి పక్కకు తిరిగి, మోకాళ్లు ముడిచి, మధ్యలో దిండు పెట్టుకుని పడుకుంటాను. ముగ్గు మానలేదు. బిందె మాత్రం ఎత్తను.

అసలైన మందు అనుకోకుండా మే నెలలో దొరికింది. తపాలాశాఖలో రిటైరైన మావారు పాత హెర్క్యులస్ సైకిలు ఇప్పటికీ వదలరు. రైతుబజారులో సైకిలుకు కూరల సంచి తగిలించి, నన్ను పట్టుకోమని ఆయన ఎవరితోనో మాటల్లో పడ్డారు. విసుగొచ్చి నేనే హ్యాండిల్ మీద రెండు చేతులూ ఆనించి, కొంచెం ముందుకు వాలి, తోసుకుంటూ ఇంటికి బయలుదేరాను. అయ్యకోనేరు గట్టు దాటాక గాని, ఎక్కడా ఆగలేదన్న సంగతి తట్టలేదు. మర్నాడు లెక్కపెట్టాను: ఉత్త చేతులతో 410, సైకిలు తోస్తూ 1,040. ఫిజియో అమ్మాయి నవ్వి, ఇందుకోసమే చక్రాల వాకర్లు అమ్ముతారని, బ్రేకులు మాత్రం సరిచూసుకోమని చెప్పింది. వాకర్ పట్టుకోవడం నామోషీ అని ఆరు నెలలుగా మొండికేసిన నేను, సైకిలు తోసుకుంటూ వెళ్లడానికి ఏమాత్రం సిగ్గుపడలేదు. టీచరుగారు ఈ వయసులో సైకిలు నేర్చుకుంటున్నారా అని వీధివాళ్లు అడుగుతారు. అవునంటాను.

సెప్టెంబరులో న్యూరోసర్జన్‌ను మళ్లీ చూశాను. బలం తగ్గలేదు. ఆపరేషన్ మాటేమిటని నేనే అడిగాను. చేస్తే కాళ్ల బరువు తగ్గి నడక పెరిగే అవకాశం బాగానే ఉందని, నడుము నొప్పి పోతుందని మాత్రం మాట ఇవ్వలేనని, ఇప్పుడున్న నడక నా అవసరాలకు చాలుతుందో లేదో తేల్చవలసింది నేనేనని అన్నారు. ఇంతవరకూ అన్నీ కలిపి 61,000 చిల్లర ఖర్చయింది, అందులో మోకాళ్ల జెల్ 14,000 తలుచుకుంటే ఇప్పటికీ మనసు చివుక్కుమంటుంది. ఆపరేషన్ వద్దనుకోలేదు. మా అబ్బాయి దానికోసం కొంత సొమ్ము విడిగా డిపాజిట్ చేసి ఉంచాడు. ఉత్త చేతుల నడక 200 కంటే దిగి రెండు నెలలు అక్కడే ఉండిపోతే చేయించుకుంటానని ఇంట్లో అందరికీ చెప్పి, ఆ అంకెను నోటుపుస్తకం అట్ట లోపల రాసి, కింద తేదీ వేసి సంతకం పెట్టాను. 2025 నవంబరులో ఉదయం లెక్క 412.